సగాల మేస్త్రి లెక్క

మా ఆయన్ని పనివాళ్ళందరూ సగాల మేస్త్రి అంటారు. ఆయన ఎదుట అనరు, అన్నా ఆయన పట్టించుకోరు. షెడ్డుకి ఎంత కరెంటు కావాలో లెక్కకట్టమని ఎవరొచ్చినా సరే, ఉన్న మిషన్లన్నీ కూడి, ఒక్క క్షణం కప్పుకేసి చూసి, "ఇందులో సగానికి వేస్తే చాలు" అంటారు. నా పెళ్ళైనప్పటి నుంచీ వింటున్నాను ఆ మాట. కూరలో ఉప్పు దగ్గర్నుంచి చుట్టాలకు పొయ్యాల్సిన బియ్యం దాకా అన్నిటికీ అదే కొలత. పదిమంది వస్తున్నారంటే ఆరుగురికి వండమంటారు. ఆ ఆరో మనిషిని నా మీద జాలితో కలుపుతారు. "అందరూ ఒక్కలా తినరే, ఒకేసారి తినరే" అంటారు. నాకు ఒళ్ళు మండిపోయేది. తీరా చూస్తే అన్నం మిగిలేది. అప్పుడు ఇంకా మండేది.

ఆయన వైరింగ్ మేస్త్రి. గేట్లూ గ్రిల్సూ చేసే షెడ్లు, బస్సు బాడీలు కట్టే షెడ్లు, ఇనప మంచాల కార్ఖానాలు, ఎక్కడ వెల్డింగ్ మిషన్లు పెట్టుకోవాలన్నా ఆయన్నే పిలుస్తారు. ఏ ప్లగ్గు ఎక్కడ బిగించాలి, ఎంత లావు కేబులు లాగాలి, బోర్డులో ఎంత బ్రేకరు పెట్టాలి, అంతా ఆయనే తేలుస్తారు. బ్రేకరంటే కాపలా స్విచ్చు. కేబులు మోయగలిగిన దానికంటే ఎక్కువ కరెంటు పారితే అది టపీమని పడిపోయి, కేబులు కాలిపోకుండా ఆపుతుంది. ఇన్నేళ్ళ కాపురంలో నాకు అంటుకున్న చదువు అంతే.

సగం ఎందుకో కూడా ఒకసారి నాకు చెప్పారు. "ఇంట్లో పదిమంది ఉంటే పది స్నానాల గదులు కట్టుకుంటామా? ఒకడు పళ్ళు తోముకుంటుంటే ఒకడు ఇంకా పడుకునే ఉంటాడు. షెడ్డూ అంతే. ఒకడు ముక్క కొలుస్తుంటాడు, ఒకడు కోస్తుంటాడు, ఒకడు కరిగిపోయిన వెల్డింగ్ రాడ్డు మారుస్తుంటాడు, ఒకడు టీ తాగుతూ పక్కవాడికి సలహాలిస్తుంటాడు. నిజంగా రాడ్డు అంటించి మంట తెప్పించేవాళ్ళు ఏ క్షణంలో చూసినా సగం మంది కూడా ఉండరు. అందరికీ సరిపడా కేబులు వేస్తే రాగి దండగ." ఆయన వేసిన ఏ షెడ్డులోనూ ఆ లెక్క తప్పలేదు. ఊరికే అంటానా, ఆయన చేతి బోర్డు పడిపోయిందన్న మాట నేను వినలేదు.

మా ఇంటి సంగతి వేరు. వంటింటి లైటు స్విచ్చు హాల్లో, హాలు ఫ్యాను స్విచ్చు వంటింట్లో ఉంటాయి. ఎందుకని అడిగితే "అప్పుడు వైరు అలా కలిసొచ్చింది" అంటారు. చుట్టాలొస్తే లైటు కోసం గోడలన్నీ తడుముకోవాల్సిందే.

మాకు ఒక్కతే అమ్మాయి. బడి సెలవుల్లో తండ్రి వెంట షెడ్ల చుట్టూ తిరిగేది. తన పనే నేర్చుకుంటుందని ఆయన మురిసిపోయారు. అది వెల్డింగ్ నేర్చుకుంది. "నువ్వు చేసిన పనంతా గోడల్లో దాచేస్తావు నాన్నా. నా పని బయటికి కనిపించాలి" అంది. ఆయన రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు, మూడో రోజు దానికి తోలు చేతితొడుగులు కొని తెచ్చారు. మా ఆయన కోపం అంతవరకే.

ఈమధ్య ఒక శిక్షణ సంస్థ వాళ్ళు ఆడవాళ్ళకు వెల్డింగ్ నేర్పడానికి పాత గోడౌను ఒకటి తీసుకున్నారు. పాఠం చెప్పే పని మా అమ్మాయికి వచ్చింది. మొదటి బ్యాచ్ అయ్యేదాకా చూస్తాం, తర్వాతే ఉంచుకునేదీ లేనిదీ చెబుతాం అన్నారు. వైరింగ్ ఎవరితో చేయించాలన్న మాట వచ్చినప్పుడు అది నిక్కచ్చిగా మా నాన్నే చెయ్యాలంది. పన్నెండు మిషన్లు, పన్నెండు ప్లగ్గులు. మా ఆయన హాల్లో నేల మీద సుద్దముక్కతో లెక్క వేశారు. ఆయనకి కాగితం పనికిరాదు, నేనేమో ఆ గచ్చు తుడుచుకోలేక చస్తాను. కూడిక అయ్యాక అలవాటు ప్రకారం కప్పుకేసి చూశారు.

"నాన్నా, పన్నెండు మందీ చేస్తుంటే సరిపోతుందా?" అంది అమ్మాయి.

"సరిపోయి మిగులుతుంది. పన్నెండూ ఆన్ చేసుకో, నీకెందుకు!" అన్నారు.

అది నవ్వి ఊరుకుంది. తండ్రి లెక్కని తిరగేసి చూసే అలవాటు దానికి లేదు. నాకు ఉంది కానీ నన్నెవరు అడిగారు?

పాఠాలు మొదలైన రెండో వారంలో, పొద్దున్నే ఫోను. "నాన్నా, కరెంటు పోయింది. బోర్డులో పెద్ద బ్రేకరు పడిపోయింది." ఈయన టీ గ్లాసు అలాగే వదిలేసి పరుగెత్తారు. వెళ్ళేసరికి పాఠం ఆపేసి పిల్లలంతా బయట నిలబడ్డారట. పిల్లలంటే అమ్మాయి అనే మాట అది, వాళ్ళలో దాని కంటే పెద్దవాళ్ళే ఎక్కువ. ఈయన బ్రేకరు ఎత్తారు, నిలబడింది. ఒక మిషను ఆన్ చేసి తనే రాడ్డు అంటించారు, నిలబడింది. ఇంకోటి, మరోటి, అన్నీ ఒకదాని తర్వాత ఒకటి అంటించి చూశారు. ఒక్కటీ పేచీ పెట్టలేదు. ఏదో స్క్రూ వదులుగా ఉండి ఉంటుందని అన్నీ బిగించి వచ్చేశారు.

మర్నాడు పడలేదు. ఆ మర్నాడు పడింది. ఇంకో రెండు రోజులు పడలేదు, హమ్మయ్య అనుకునేసరికి వరసగా రెండు పూటలు పడింది. పడితే పొద్దున్నే. మధ్యాహ్నం ఒక్కసారి కూడా పడలేదు. అదీ రాడ్డు అంటించగానే కాదు, అంటించి కాస్త సాగాక. మా ఆయన బుర్ర గోక్కోవడం మొదలుపెట్టారు.

"షార్టయితే ముట్టుకోగానే పడాలి కదే," అన్నారు నాతో, అన్నం కలుపుతూ కలుపుతూ ఆపేసి.

"నాకేం తెలుసు, నేను మిక్సీ ఆన్ చేస్తేనే మీరు అరుస్తారు," అన్నాను.

"లోడు ఎక్కువయితే మధ్యాహ్నం కూడా పడాలి. అదే మిషన్లు, అదే మనుషులు."

"మరి పొద్దున్న మనుషులు బలంగా చేస్తారేమో."

ఆయన నన్ను కాసేపు చూశారు. నేను వేళాకోళం ఆడానో, నిజంగా ఏదైనా కనిపెట్టానో ఆయనకి తేలలేదు. నాకూ తేలలేదు.

ఇక సలహాలు మొదలయ్యాయి. బ్రేకరు అమ్మినతను మిషన్లు నాసిరకం అన్నాడు. మిషన్లు అమ్మినతను బ్రేకరు నాసిరకం అన్నాడు. మా పక్కింటాయన ఒకప్పుడు లైన్‌మన్‌గా చేశారు, అన్నయ్యగారూ అని పిలుస్తాను. ఆయన గోడ మీంచి తొంగిచూసి, "పొద్దున పూట వోల్టేజీ తక్కువుంటుందమ్మా, వోల్టేజీ తగ్గితే ఈ కొత్తరకం మిషన్లు కరెంటు ఎక్కువ లాగుతాయి," అన్నారు. మా ఆయన తెల్లవారకముందే మీటరు పట్టుకుని వెళ్ళి వోల్టేజీ చూశారు. మా ఇంట్లో కంటే బాగుంది. బ్రేకరు మార్చారు. కొత్తదీ పడింది. మార్చిన బ్రేకరు ఇంటికి తెచ్చి, దాన్ని గచ్చు మీద పెట్టుకుని, బిక్కమొహం వేసి కూర్చున్నారు. నేను చూసీ చూడనట్టు ఊడ్చుకుంటూ పోయాను.

ఒక మధ్యాహ్నం నన్ను కూడా తీసుకెళ్ళారు. కేబులు చుట్టూ తగిలిస్తే ఎంత కరెంటు పారుతోందో చూపించే మీటరొకటి ఉంటుంది, దాన్ని నా చేత పట్టించి అంకె చదవమన్నారు. హాలంతా ఆడవాళ్ళే. ఒకావిడ రాడ్డు అంటిస్తోంది, ఒకావిడ మాడిపోయిన అతుకు మీద సుత్తితో కొట్టి పెంకు రాలుస్తోంది, ఇద్దరు చేతితొడుగులు విప్పేసి కబుర్లలో ఉన్నారు. పన్నెండు మిషన్ల మీదా దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. నేను అంకె చదివాను. మా ఆయన మొహం వెలిగిపోయింది.

"చూశావా! నేను వేసిందాంట్లో సగం కూడా లేదు. నా లెక్కలో తేడా ఏముందే?"

"ఏమీ లేదు. మరి పొద్దున్నెందుకు పడుతోంది?"

వెలిగిన మొహం అలాగే ఆరిపోయింది. ఆయన తప్పేమీ లేదని తేలినకొద్దీ మా ఇద్దరికీ దిక్కుతోచకుండా పోయింది. తప్పు కనిపిస్తే సరిచెయ్యొచ్చు. అన్నీ సరిగ్గా ఉండి పని చెయ్యకపోతే ఏం చేస్తాం?

"పాఠం జరిగేటప్పుడే ఒక పూట వచ్చి నిలబడతాను," అన్నారు అమ్మాయితో.

"వద్దు నాన్నా. నువ్వెదురుగా ఉంటే నేను పాఠం చెప్పలేను. చిన్నపిల్లనైపోతాను," అంది. ఆయన సరేనన్నారు. ఆ మాటకి ఆయన లోపల సంతోషించారని నాకు తెలుసు, ఆయన పాఠం చూడకపోవడం వల్ల ఎంత చేటు జరిగిందో మాత్రం తర్వాతే తెలిసింది.

ఈలోపు సంస్థ మేనేజరుగారికి సహనం పోయింది. ఆయన చెడ్డమనిషి కాదు, పైవాళ్ళకి జవాబు చెప్పుకోవాలి. అమ్మాయిని పిలిచి, పాఠాలు ఇలా ఆగిపోతుంటే బ్యాచ్ మొత్తాన్ని వేరే చోట చేర్పించేస్తామన్నారు. అక్కడ పాఠం చెప్పేవాళ్ళు ఉన్నారు. అంటే మా అమ్మాయి ఇంట్లో కూర్చోవాలి. తండ్రి చేత వైరింగ్ చేయించి పాఠాలు చెడగొట్టిందన్న పేరు వెంట వస్తుంది, ఇక ఎవరు పిలుస్తారు దాన్ని? అది ఈ సంగతి నాకు వంటింట్లో చెప్పింది, నాన్నకి చెప్పొద్దని చెప్పింది. నేను ఆ సాయంత్రమే ఆయనకి చెప్పేశాను. నా కడుపులో మాట దాగదు, దాగాల్సిన మాట కూడా కాదది.

ఆయన మర్నాడు పొద్దున్నే చొక్కా తొడుక్కుని, "నువ్వూ రా. మీటరు పట్టుకుందువుగాని. అది వద్దన్నా సరే, ఇవాళ పాఠం చూడాల్సిందే," అన్నారు.

మేం వెళ్ళేసరికి పాఠం మొదలైంది. బోర్డు హాలు గుమ్మం పక్కనే ఉంటుంది. నేను మీటరు కేబులుకి తగిలించి నిలబడ్డాను. పన్నెండు మందీ వరసల్లో, ఎవరి బల్ల దగ్గర వాళ్ళు నిలబడి ఉన్నారు. అమ్మాయి మధ్యలో. మమ్మల్ని చూసి మొహం చిట్లించింది, అయినా ఆపలేదు.

"అందరూ రాడ్డు పెట్టుకున్నారా? ఇవాళ లావు రాడ్డు, గుర్తుందిగా. మాస్కులు దించండి. అమ్మా, నువ్వూ నాన్నా గోడవైపు తిరగండి, కళ్ళు మూసుకోండి. ఒకటి. రెండు. అంటించండి!"

కళ్ళు మూసుకున్నా తెల్లటి వెలుగు రెప్పల్లోంచి తెలిసింది. చప్పుడు ఒక్కసారిగా హాలంతా నిండింది. పన్నెండూ ఒకేసారి. మా ఆయన ఒక్క ఉదుటున నా చేతిలో మీటరు తనవైపు తిప్పుకున్నారు. అంకె చూసి నోరు తెరిచారు. ఏదో అనబోయేలోగా పక్కన టపీమంది. హాలు చీకటైంది.

మాస్కులు ఒక్కొక్కటే లేచాయి. మా ఆయన మెట్టు మీద కూలబడ్డారు.

"అందరిచేతా ఒకేసారి ఎందుకమ్మా అంటించావు?" అన్నారు. కోపం కాదు, అయోమయం. ఇవాళ సూర్యుడు పడమట లేచాడని ఎవరో చెప్పినట్టు అడిగారు.

"రోజూ అంతేగా నాన్నా. పొద్దున పాఠం అలాగే."

"లోకంలో ఎక్కడా ఎవరూ అలా చెయ్యరే!"

"లోకంలో వాళ్ళకి పని వచ్చు. వీళ్ళకి రాదు," అంది అది. "బల్లలకి మధ్య తెరలు ఇంకా రాలేదు. ఒకళ్ళు అంటించినప్పుడు పక్కవాళ్ళ మాస్కు లేచి ఉంటే ఏమవుతుందో నీకు తెలీదూ? నేను నేర్చుకునేటప్పుడు పక్కనతను చెప్పకుండా అంటించాడు. ఆ రాత్రంతా నా కళ్ళల్లో ఇసుక పోసినట్టుంటే ఏడ్చాను, నువ్వే తడిగుడ్డ పెట్టావు. అందుకే అందరిచేతా ఒకేసారి దింపిస్తాను, ఒకేసారి అంటింపజేస్తాను, ఒకేసారి ఎత్తిస్తాను. మధ్యాహ్నానికి చెయ్యి తిరుగుతుంది, అప్పుడు ఇద్దరేసి మూల బల్లల దగ్గర చేసుకోమంటాను."

పొద్దున్నే పడటం, మధ్యాహ్నం పడకపోవడం. సన్న రాడ్డు పాఠం రోజున పడకపోవడం, కరెంటు ఎక్కువ లాగే లావు రాడ్డు రోజున పడటం. అన్నీ మా ఆయన మొహంలో ఒక్కొక్కటిగా తెలిసిపోతున్నాయి. నాకు మాత్రం ఇంకా సగమే అర్థమైంది.

"పోనీ ఇద్దరిద్దరి చొప్పున చేయిస్తే?" అన్నారు మెల్లగా.

అమ్మాయి తలదించుకుంది. "నువ్వు చెయ్యమంటే చేయిస్తాను నాన్నా."

వరస చివర ఒక పెద్దావిడ ఉంది, నా కంటే నాలుగేళ్ళు పెద్దదై ఉంటుంది. ఆవిడ రాడ్డు పట్టే హోల్డరు బల్ల మీద పెట్టి, "బాబూ, నన్నొక్కదాన్నే అంటించమంటే నా చెయ్యి ఒణుకుతుంది. రాడ్డు ఇనుముకి అతుక్కుపోతుంది, అందరూ చూస్తారు. అందరం ఒకేసారైతే ఎవరి గోల వాళ్ళది. ఇలాగైతేనే నాకు వస్తోంది," అంది. మిగతావాళ్ళు తలలూపారు.

అప్పటికి మేనేజరుగారు వచ్చారు. సంగతి విని తేలిగ్గా నవ్వారు.

"ఇంతేనా మేస్త్రిగారూ! దీనికా ఇన్ని రోజులు! పెద్ద బ్రేకరు పెట్టెయ్యండి, పది నిమిషాల పని."

ఎంత సుళువుగా అన్నారో. నేను మా ఆయనకేసి చూశాను. నిజం చెప్పొద్దూ, పెట్టెయ్యండి అనే నా మనసూ అంది. అమ్మాయి ఉద్యోగం నిలబడుతుంది, ఈయన మాట నిలబడుతుంది, ఎవరికీ ఏమీ తెలీదు.

"పెట్టొచ్చండీ, పడదు. కేబులు మాత్రం గోడ లోపల కాలడం మొదలెడుతుంది. ఎప్పుడో ఒకప్పుడు, ఈ ఆడవాళ్ళందరూ మొహాలకి మాస్కులేసుకుని ఉన్నప్పుడు తెలుస్తుంది," అన్నారు ఆయన. తర్వాత లేచి నిలబడ్డారు. "అమ్మాయి పాఠంలో తప్పు లేదండీ. లెక్క నాది తప్పు. పాఠం ఎలా చెబుతావని అడక్కుండా షెడ్డు లెక్క వేసేశాను. మెయిన్ నుంచి ఇక్కడిదాకా కేబులు మొత్తం మార్చాలి. కూలి నాకొద్దు."

అంతమంది ఎదుట ఆయన ఆ మాట అనడం నేను మొదటిసారి చూశాను. నాకు గర్వపడాలో ఏడవాలో తెలీలేదు. అమ్మాయి అటు తిరిగి రాడ్ల డబ్బా సర్దింది.

మేనేజరుగారు కేబులు తెప్పిస్తామన్నారు. "సోమవారం పొద్దున నేనూ వచ్చి నిలబడతాను. పాఠం ఆగకుండా సాగిందా, ఈ అమ్మాయే ఉంటుంది. మళ్ళీ ఆగిందా, ఇక నా చేతుల్లో లేదు," అన్నారు.

ఆ సాయంత్రం ఇంట్లో మళ్ళీ సుద్దముక్క, మళ్ళీ గచ్చు. పన్నెండు మిషన్లనీ కూడారు. కప్పుకేసి చూశారు. చెయ్యి దానంతటదే పోయి సగం రాసేసింది. చేత్తో చెరిపేశారు. మళ్ళీ కూడారు. మళ్ళీ సగం. ఈసారి పంచెతో చెరిపారు, అదీ నేనే ఉతకాలి. ఇంకోసారి కూడి, దానిమీద ఇంకాస్త కలిపి, ఆ అంకెకేసి భయం భయంగా చూశారు.

"ఇంత లావు కేబులు నేనెప్పుడూ ఏ షెడ్డుకీ వెయ్యలేదే. మరీ ఎక్కువంటావా?"

"నాకేం తెలుసండీ!"

"తక్కువంటావా?"

"అమ్మాయిని అడగండి."

"దానికేం తెలుసు, అది..." అని ఆగిపోయారు. లేచి లోపలికి వెళ్ళారు. తలుపు దగ్గర నిలబడి, "ఒకేసారి అంటించినప్పుడు ఎంతసేపు కాల్పిస్తావమ్మా? ఇంతకంటే లావు రాడ్డు కూడా వాడతావా?" అని అడుగుతుంటే వంటింట్లో నాకు వినిపించింది. అది చెబుతూ పోయింది. వాళ్ళిద్దరూ అంతసేపు మాట్లాడుకోవడం నేను విని చాలా కాలమైంది.

ఆదివారం పొద్దున కేబులు లాగాం. లాగాం అంటే మేమందరం. అంత లావుది గొట్టంలోంచి లాగాలంటే మనుషులు కావాలి, ఆదివారం పనివాళ్ళు దొరకలేదు. అమ్మాయి చెబితే దాని బ్యాచంతా దిగింది, ఆ పెద్దావిడతో సహా. మా ఆయన అవతలి గది నుంచి కేబులు అందిస్తున్నారు, మేం హాల్లో తాడు పట్టుకున్నాం. ఒంపు దగ్గర ఇరుక్కుపోయింది. ఒకరు లాగితే ఒకరు సద్దుతున్నారు, ఒకరు చేతులు దులుపుకుంటున్నారు. కేబులు కదల్దు, అవతల్నుంచి ఆయన కేకలు. చివరికి అమ్మాయి ముందుకొచ్చి అంకెలు చెప్పింది. అందరం ఒక్క పట్టు పట్టేసరికి గజమంత కేబులు గొట్టంలోంచి జర్రున వచ్చింది, మేమంతా ఒకరి మీద ఒకరం పడ్డాం. అవతలి గదిలో కేకలు ఆగిపోయాయి. ఏమైందోనని నేను పరుగెత్తి చూస్తే, ఆయన ఖాళీ చేతులకేసి చూసుకుంటూ నిలబడి ఉన్నారు.

సోమవారం వచ్చింది. హాల్లో అందరికీ మాస్కులు ఇచ్చారు, నాకు, మా ఆయనకి, మేనేజరుగారికి కూడా. దాని అద్దం ఎంత నల్లగా ఉంటుందంటే, దించితే పక్కనున్న మనిషి కూడా కనిపించడు. మంట ఒక్కటే కనిపిస్తుంది. మా ఆయన బోర్డుకి ఎదురుగా నిలబడి కొత్త కేబులుకి మీటరు తగిలించుకున్నారు. మాస్కు నెత్తిమీదే ఉంది.

"మాస్కులు దించండి," అంది అమ్మాయి. దించాం. చీకటి. అంకెలు చెప్పదేమని ఎదురుచూస్తున్నాను. చెప్పదు.

"బోర్డు దగ్గరున్నాయన ఇంకా దించలేదు," అంది.

వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"నేను మీవైపు తిరిగి లేనుగా అమ్మా. మీటరు చూసుకోవాలి."

"గోడమీంచి వెలుగు తిరిగొచ్చి కళ్ళకి కొడుతుంది. దించితేనే చెబుతాను."

"మీటరు కనిపించకపోతే నాకెలా తెలుస్తుందే, ఉంటుందో పోతుందో!"

పన్నెండు మందీ, మేనేజరుగారూ, అందరం ఆ చీకట్లో ఆయన ఒక్కరి కోసం నిలబడ్డాం. నాకు ఆయన మీద జాలేసింది. ఇన్నేళ్ళూ ఆ అంకె చూసే బతికిన మనిషి.

"దించండీ," అన్నాను. మాస్కు కిందికి దిగిన చప్పుడు వినిపించింది.

"ఒకటి. రెండు. అంటించండి!"

కాగిన నూనెలో నీళ్ళు పడ్డట్టు హాలంతా చిటపటలాడింది. నా నల్లటి అద్దంలో ఆకుపచ్చ చుక్కలు ఒక్కసారిగా లేచాయి.

"ఉందా?" అన్నారు మా ఆయన. "ఇదిగో, ఉందా, పోయిందా?"

"ఉందండీ. ఇటు తిరగండి."

ఆయన తిరగలేదు. గోడకేసే నిలబడి, "పడుతుంది. ఇదిగో, ఇంతసేపటికే పడేది. ఇప్పుడు పడుతుంది," అని గొణుగుతున్నారు. నా చెయ్యి దొరకబుచ్చుకుని గట్టిగా పట్టుకున్నారు. ఆ సమయం దాటింది. ఇంకాస్త దాటింది. నేను ఆయన భుజం పట్టుకుని ఇటు తిప్పాను.

ఆయన ఆ చుక్కల్ని ఒక్కొక్కటే లెక్కపెట్టుకోవడం వినిపించింది. తర్వాత, "అన్నీనా?" అన్నారు.

"అన్నీ."

"అమ్మాయేదీ? కనిపించదేం?"

అది ఏ మంట దగ్గరా లేదు. ఆ చుక్కల మధ్య చీకట్లో ఎక్కడో నడుస్తోంది, గొంతు ఒకసారి ఇటు, ఒకసారి అటు వినిపిస్తోంది. "చెయ్యి అలాగే ఉంచు. భయం లేదు, నేనిక్కడే ఉన్నాను. రాడ్డు తరిగినకొద్దీ చెయ్యి దింపుకుంటూ రా. అబ్బ, ఎంత బాగా పోతోందో చూడు! పెద్దమ్మా, ఆపకు, ఇంకాస్త, ఇంకాస్తే." చివరి వరసలో ఒక చుక్క వణికి, చిన్నదై, మళ్ళీ నిలదొక్కుకుంది.

మా ఆయన చెవి బోర్డు వైపు లేదు. మాస్కులోంచి ఆయన గొంతు నాకు ఒక్కదానికే వినబడేలా వచ్చింది.

"ఇది ఇంత బాగా చెబుతుందా!" అన్నారు. "నాకెవరూ చెప్పలేదే."